అవ్వ అడిగిన కట్టె బూడిద

ముల్లంగి ఆకు మీద వాలే ఈగ మనిషిని కుట్టదు, చెవి దగ్గర రొద పెట్టదు. వడ్లగింజంత కూడా ఉండదు. నల్లటి రెక్కలు, నారింజ రంగు కడుపు. ఇంత చిన్నది ఏం చేస్తుందిలే అనిపించే రకం. నేనూ అలాగే అనుకున్నాను. మా అవ్వ దాని గురించి ఎప్పుడు మొదలుపెట్టినా "సరే సరే" అని లేచిపోయేవాణ్ణి. అవ్వ అంటే నాయనమ్మ అనుకునేరు. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం.

డెబ్బైల మొదటి సంగతి ఇది. గోదావరిఖనిలో బొగ్గు నింపే పనిలో చేరి కొన్నేళ్లయింది, క్వార్టరు వచ్చింది, పెళ్లయింది. నాయిన పోయిన మరుసటి ఏడు అవ్వను రామగిరి గుట్టల కింది మా ఊరి నుంచి తెచ్చుకున్నాను. మొదట రానంటే రానంది. అక్క నచ్చజెప్పింది, నా భార్య వెళ్లి చేతులు పట్టుకుంది. చివరికి ఒక ట్రంకు పెట్టె, ఒక కొడవలి పట్టుకుని బస్సెక్కింది. క్వార్టర్లో కొడవలి ఎందుకే అని అడిగితే దాన్ని గోనెపట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

మా ఊళ్లో అవ్వది మంచి చెయ్యి అని పేరు. వంట చెయ్యి కాదు, విత్తనం చెయ్యి. ఎవరింట్లో మిరపనారు పోసినా, కూరగాయల మడి కట్టినా మొదటి గుప్పెడు మా అవ్వే చల్లాలి. పొద్దున్నే వచ్చి పిలిచేవాళ్లు. అవ్వ తలస్నానం చేసి, చేతులకు ఇంత పసుపు రాసుకుని వెళ్లేది. చల్లేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె చల్లాకే ఇంటివాళ్లు గింజ ముట్టుకునేవాళ్లు.

నాయిన పోయాక విత్తనాల కాలం మళ్లీ వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే తెల్లారకముందే స్నానం చేసి గడపలో కూర్చుందట. ఎవరూ రాలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు, ఆ పూట అందరూ మా వాకిలి తప్పించి నడిచారు, అంతే. మొగుడు పోయిన ఆడదాని చేత్తో మొదటి గింజ ఎవరు వేయించుకుంటారు? ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా కూర్చుని, లేచి, పొయ్యి ముట్టించుకుందట. ఇదంతా అక్క చెబితే తెలిసింది. అవ్వ తన నోటితో ఒక్క మాట అనలేదు.

మా క్వార్టరు వెనక గోడకూ మురికి కాలువకూ మధ్య నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉండేది. అక్కడున్నదాన్ని మన్ను అనలేం. రాళ్లు, బొగ్గు రజను, ఇల్లు కట్టినప్పుడు పారేసిన సున్నం పెళ్లలు. అవ్వ వచ్చిన నెలకే పక్కింటి నుంచి పలుగు అడిగి తెచ్చి దాన్ని తవ్వడం మొదలుపెట్టింది. రాళ్లు ఏరి గోడవారగా పేర్చింది. ఊరి చివర మేకల మందలు దిగే చోటికి నడిచి వెళ్లి, గంపతో ఎరువు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. మా కాలనీ ఆడవాళ్లు వింతగా చూశారు. నాకు మాత్రం నామోషీగా ఉండేది. కొడుకు కంపెనీ నౌకరీ చేస్తుంటే తల్లి మేక పెంటికలు మోయడమేమిటని వాళ్లనుకుంటారని నా బాధ. వాళ్లు అలా అనుకోనేలేదని తరవాత తెలిసింది.

దసరా వెళ్లాక నా భార్య అంగడికి పోయి ముల్లంగి విత్తనాల పొట్లం తెచ్చింది. తీసుకొచ్చి నేరుగా అవ్వ చేతిలో పెట్టింది.

"నువ్వే చల్లు అత్తమ్మా. నీది మంచి చెయ్యట గదా."

అవ్వ పొట్లాన్ని నిప్పుకణిక పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఇప్పుడు నా చెయ్యెందుకు బిడ్డా. నువ్వు చల్లు. ముత్తైదువవు."

"నాకు చల్లరాదు. ఒక్కకాడనే కుప్ప పోస్త. నువ్వు చల్లుతవా, లేకుంటే అంగట్ల వాపసిచ్చి రావాల్నా?"

నా భార్యకు ఊరి సంగతి తెలుసో, తెలియక అందో నేను ఎన్నడూ అడగలేదు. అవ్వ లోపలికి వెళ్లి స్నానం చేసి వచ్చింది. పసుపు రాసుకోలేదు. పెదవులు బిగించి, మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తూ చల్లింది. అంత వయసులోనూ వేళ్ల సందుల నుంచి గింజలు లెక్కపెట్టినట్టు పడ్డాయి.

ఆ పొద్దు నాకు అన్నం పెడుతూ అంది, "కొడుకా, గీ ముల్లంగి గడ్డ పడితే నా చెయ్యి నాకున్నట్టు. పడకుంటే ఊరోళ్లు నన్ను పిలువకపోవుడు న్యాయమే."

"ముల్లంగికి గింత ఫికరెందుకే అవ్వా. అంగట్ల కుప్పలు పోసి అమ్ముతరు" అన్నాను నేను. ఇప్పుడు ఆ మాట గుర్తుకొస్తే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

మూడో రోజుకు మడి అంతా మొలిచింది. ఖాళీ లేకుండా, ఒత్తు లేకుండా, వరుసగా. అవ్వ పొద్దుగాల లేచి చాయ్ తాగకముందే వెళ్లి మడి దగ్గర కూర్చునేది. పక్క క్వార్టర్ల వాళ్లు చూసి పోయేవారు. ఒకామె "పెద్దమ్మా, వచ్చే యేడు మాకూ చల్లిపెట్టు" అని అడిగింది. అవ్వ ఆ మాటను ఇంట్లోకి తెచ్చి నాకూ, నా భార్యకూ వేరువేరుగా రెండుసార్లు చెప్పింది. ఆ పది పదిహేను రోజులు ఆమె ముఖంలో నాయిన ఉన్నప్పటి కళ కనిపించింది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను.

ఆకులు జానెడు కాకముందే ఈగలు వచ్చాయి. ఆకు అంచున వాలి, దాని లోపల గుడ్డు పెట్టి పోతాయి. నాలుగైదు రోజులకు అందులోంచి నల్లటి పురుగులు వస్తాయి. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని కింద పడి చచ్చినట్టు నటిస్తాయి, మనం అటు తిరగ్గానే మళ్లీ ఎక్కుతాయి. అవ్వ వాటిని మసిపురుగులు అనేది. మంచు ఆరకముందే ఒక గిన్నెలో నీళ్లు, నాలుగు చుక్కల గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసుకుని ఒక్కొక్క ఆకు ఎత్తి పురుగుల్ని అందులో రాల్చేది. నడుం పట్టేసేది. ఎన్ని ఏరినా ఈగలు మళ్లీ వచ్చి వాలేవి. పైనుంచి బొగ్గు దుమ్ము పడే ఆకుల మీద నల్లటి పురుగును పట్టుకోవడం కంటికి కష్టం కూడా.

"ఏరుడుతోని కాదు. కట్టె బూడిద కావాలె" అంది అవ్వ ఒకరోజు. "ఆకు మీద మంచు ఉన్నప్పుడే బట్టల కట్టి దులిపితే పిండి లెక్క అంటుకుంటది. అంటుకున్న ఆకు మీద ఈగ వాలదు."

"బూడిదకేం కరువే? పొయ్యి నిండ ఉంది" అన్నాను.

"గది బొగ్గు బూడిద. ఇసుక లెక్క ఉంటది, రాలిపోతది. ఉన్న కాడ ఆకును మాడుస్తది. ముల్లంగిది పసిపిల్ల తోలసొంటి ఆకు. కట్టె బూడిదే కావాలె కొడుకా."

కష్టమంతా అక్కడే. మా కాలనీలో కట్టె కాల్చేవాళ్లు లేరు. అన్నం ఉడికేది బొగ్గు మీద, నీళ్లు కాగేది బొగ్గు మీద, బజారులో చాయ్ హోటళ్లలోనూ బొగ్గే. కట్టె బూడిద చిటికెడు కావాలన్నా పల్లెకు పోవాలి. ఐతారం నాకు సెలవు గనుక మా ఊరికి పోయి ఒక బస్తా తెస్తానని ఒప్పుకున్నాను. అవ్వ సంతోషపడి ఎవరింట్లో ఏ కట్టె కాలుస్తారో వరుసగా చెప్పింది. మా ఇంటి పక్కన పెద్దమ్మ అని పిలిచే ఒకామె ఉండేది, వాళ్లది చింతకట్టె, అది దొరికితే మంచిదని చెప్పింది.

ఐతారం పొద్దున గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సుల కాడికి పోయాను. కొత్త టెర్లిన్ చొక్కా వేసుకున్నాను, అదొక ఖర్మ. అక్కడ మా గని వర్క్‌షాపు ఫిట్టరు, తుర్కాయన, నాకు మంచి దోస్తు, ఎదురయ్యాడు. ఎక్కడికంటే చెప్పడానికి నోరు రాలేదు. బూడిద బస్తా నెత్తిన పెట్టుకుని బస్సు దిగుతుంటే మా గనివాళ్లు చూసి ఏమంటారు? భూమిలోంచి బొగ్గు తీసేవాడు బూడిద కోసం పల్లెకు పోయిండని నెల రోజులు నవ్వుకుంటారు. అప్పటి నా బుర్రలో ఇదే పెద్ద సమస్య. దోస్తు పగటి ఆట సినిమాకు పోదామన్నాడు. పోయాను.

సినిమా వదిలాక గోనెసంచి గుర్తుకొచ్చింది. ఉత్త చేతులతో ఇంటికెలా పోవడం? చాయ్ హోటలు వెనక బూడిద కుప్ప ఉంది. పొద్దు ఇంకా గూకలేదు. గులకలు ఏరేసి, భుజం మీది తువ్వాలలో పోసి, మెత్తగా వచ్చేదాకా రెండుసార్లు జల్లించాను. కాసింత సున్నపు పొడి కూడా కలిపాను, తెల్లగా కనిపించాలని. నా దోస్తు పక్కన నిలబడి చూస్తూ, "క్యా రే, అమ్మీని మోసం జేస్తవా? ఊరికి పోలేదని చెప్పెయ్, అయిపోతది" అన్నాడు. నీకు తెల్వది ఊరుకో అన్నాను. బూడిదంటే బూడిదే గదా, ముసలామె చాదస్తం అనుకున్నాను. సంచి సగం నింపి, ఊరి నుంచి మోసుకొచ్చినవాడిలాగా చొక్కాకు ఇంత దుమ్ము పూసుకుని ఇంటికి పోయాను.

అవ్వ వాకిట్లోనే ఉంది. సంచి దించకముందే "ఎవరింట్ల తెచ్చినవ్?" అని అడిగింది.

"పెద్దమ్మోళ్లింట్ల."

"నన్ను అడిగిందా?"

ఇది నేను అనుకోని ప్రశ్న. క్షణం కూడా ఆగకుండా నోట్లోంచి వచ్చేసింది. "అడిగింది. విత్తనం చల్లినవని చెప్తే సంబురపడ్డది. తనే సంచిల నింపింది."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. పిలవడం మానేసిన మనిషే తన మడి కోసం బూడిద పంపిందని ఆమె అనుకుంది. ఆమె అలా అనుకుంటోందని నాకు అప్పుడే అర్థమైంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు, నేను కాళ్లు కడుక్కోవడానికి పోయాను.

వచ్చేసరికి అవ్వ సంచిలో చెయ్యి పెట్టి బూడిదను బొటనవేలితో నలుపుతోంది.

"గిదేంది కొడుకా, గరుకుగున్నది?"

"తుమ్మకట్టె బూడిద గట్లనే ఉంటదంట" అన్నాను. నలభై ఏళ్లు పొయ్యి ఊదిన మనిషికి నేను బూడిద గురించి చెప్పాను.

ఇంకొకసారి నలిపి చూసింది. నా ముఖం వైపు చూసింది. మళ్లీ తనే కారణం వెతుక్కుంది. "చింతకట్టె అయిపోయినట్టున్నది. పాపం, ఉన్నదే ఇచ్చింది" అంది.

మరునాడు పొద్దుగాల నుంచి మూడు రోజులు దులిపింది. నాకు పొద్దటి షిఫ్టు కాబట్టి వెళ్లేటప్పుడు కనిపించేది. పాత చీర పీలికలో బూడిద మూట కట్టి, వంగి, ఒక్కొక్క మొక్క మీద మెల్లగా తడుతూ. బూడిద ఆకు మీద నిలవలేదు. జారి మొదళ్ల దగ్గర పడింది, నీళ్లు పెట్టగానే గచ్చులాగా గట్టిపడింది. నిలిచిన చోట ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఈగలు ఎప్పటిలాగే వచ్చాయి. వారానికల్లా ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ రోజుల్లో ఒక్క పూట సెలవు పెట్టి ఊరికి పోయి నిజం బూడిద తెచ్చినా సగం మడి దక్కేదేమో. ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. ఇప్పుడు ఇంకో బస్తా తెస్తే మొదటి బస్తా ఏమిటని అడుగుతుందని భయపడ్డాను.

ఒకరోజు షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి మడి ఖాళీగా ఉంది. అవ్వ అంతా పీకేసింది. గోడవార కుప్పలో చూస్తే ఒక్కటీ గడ్డ పడలేదు, ఎలుక తోకల్లాగా వేళ్లు. నా భార్య వంటింట్లో కళ్లు తుడుచుకుంటోంది. అప్పటికి తనకు ఐదో నెల. అవ్వ మాత్రం ఏడవలేదు. నాకు పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో అంది.

"నా చేతి గుణం మీ నాయిన తోనే పోయింది కొడుకా. ఊరోళ్లకు ముందుగాల్నే తెలిసింది. నాకే తెలువలే. పెద్దమ్మ గంత ప్రేమతోని బూడిద పంపినా నిలవలే సూడు."

చెప్పాలి అనుకున్నాను. పళ్లెంలో చెయ్యి కడుక్కునే లోపు చెప్పాలి అనుకున్నాను. చెయ్యి కడుక్కున్నాను. "పోనీయే, వచ్చే యేడు వేద్దాం" అని మాత్రం అన్నాను.

వచ్చే ఏడు ఆమె వెయ్యలేదు. ఆ తరవాతా వెయ్యలేదు. పక్కింటామె విత్తనాలు పట్టుకుని వస్తే "నా చెయ్యి మంచిది కాదమ్మా, నువ్వే చల్లుకో" అని పంపేసింది. మా ఇంట్లోకి విత్తనాల పొట్లం ఏది వచ్చినా లేచి లోపలికి వెళ్లిపోయేది.

కాన్పు దవాఖానలో అయింది, ఆడపిల్ల. ఇరవయ్యొకటో రోజు తొట్టెల వేశాం. చుట్టాలు వచ్చారు, పాటలు పాడేవాళ్లు వచ్చారు. బిడ్డను తొట్టెలలో నువ్వే వెయ్యాలని నా భార్య అవ్వను పిలిచింది. అవ్వ తలుపు చాటు నుంచి రాలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది. "మీ అమ్మను వెయ్యమను. నేను ముడితే పిల్లకు మంచిది గాదు" అంది. పిల్ల నాయనమ్మ, ఆ ఇంటికి పెద్దది, పరాయి మనిషిలాగా తలుపు పక్కన నిలబడి పాటలు వింది. నేను అంతమంది మధ్య తొట్టెల తాడు సరిచేస్తున్నట్టు నటించాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతవరకూ పోలేదు.

ఆ తరవాత కూడా బిడ్డను ఎత్తుకునేది, ఎత్తుకోలేదని కాదు. కానీ మొదటి ముద్ద పెట్టలేదు, మొదటిసారి తల దువ్వలేదు, బడికి పంపిన రోజు పలక అందివ్వలేదు. మొదటిది ఏదైనా తన చెయ్యి తగలనివ్వలేదు. ఆమెను ఎవరూ వద్దనలేదు. తనంతట తానే తప్పుకునేది.

ఏళ్లు గడిచాక వ్యవసాయశాఖలో పనిచేసే ఒకాయనను అడిగాను, బొగ్గు బూడిదతో అలా అవుతుందా అని. కొంత బూడిద వల్ల కావచ్చు, కొంత పురుగు వల్ల కావచ్చు, అసలు ఆ మన్నే అంత కావచ్చు అన్నాడు. ఆయన నాకు ఊరట చెబుదామనుకున్నాడు. నాకు కావలసింది ముల్లంగి ఎందుకు చచ్చిందని కాదు.

నా బిడ్డ మూడో తరగతి చదివే ఏడు ఒకనాడు మధ్యాహ్నం నా భార్య చిక్కుడు గింజలు నానబోసింది. అవ్వ ఎప్పటిలాగే లేచి లోపలికి పోబోయింది. అప్పటికి చూపు మందగించింది, గోడ పట్టుకుని నడిచేది. ఆ చెయ్యి గోడ మీద తడుముకుంటూ పోతుంటే ఇక నా వల్ల కాలేదు. వెంట వెళ్లి మంచం మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఊరికి పోలేదని, సినిమాకు పోయానని, హోటలు వెనక కుప్పలోది తువ్వాలతో జల్లించానని, పెద్దమ్మ ఏమీ అడగలేదని, ఏమీ పంపలేదని. చెప్తూ చెప్తూ ఏడ్చాను.

అవ్వ అంతా విని నవ్వింది. నిజంగా నవ్వింది, చాలా రోజులకు. నా తల మీద చెయ్యి వేసింది.

"గిన్నేండ్లు గిదే ఆలోచన చేసినవా బిడ్డా, నా మనసు మంచిగ చెయ్యాలని?"

"కాదే అవ్వా. నిజం చెప్తున్న. గా ఫిట్టరు సుత చూసిండు."

"ఏడున్నడు గాయన?"

"కొత్తగూడెం బదిలీ అయిండు."

"సాక్షిని గూడ దూరమే పెట్టినవ్. మంచిగ కూర్చినవ్ కథ" అని మళ్లీ నవ్వింది. "నువ్వు నాతోని అబద్ధమాడేటోనివి గావు. ఆనాడు ఊరికి పోయి బస్తా మోసుకచ్చినవ్, నీ అంగి నిండ దుమ్ము నేను చూసిన. ఇన్నేండ్లకు అవ్వ కోసం అబద్ధం నేర్చుకున్నవ్, నా తండ్రి."

"బిడ్డ మీద ఒట్టు అవ్వా" అన్నాను.

ఆమె గభాలున నా నోరు మూసింది. "వద్దు. అబద్ధానికి పిల్ల మీద ఒట్టు పెడ్తవా? నా చెయ్యి గిట్లయింది సాలదా?"

ఒట్టు పెట్టలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు మాట ఎత్తినా ఆమె నన్ను ఓదార్చింది. నమ్మకుండానే పోయింది.